మా దుకాణానికి రంపం పెట్టిన వారం

అంబత్తూరులో మా మామ లేత్ వర్క్‌షాపు మూసేశాక, ఆ షెడ్డును నేనూ మా ఆయనా అడిగి తీసుకున్నాం. ఆయనకు స్కేట్‌బోర్డుల పిచ్చి, నాకు పాత రికార్డుల పిచ్చి. ఎవరి పిచ్చినీ ఎవరూ వదిలించకూడదని పెళ్లికి ముందే ఒప్పందం. అందుకే బోర్డులూ రికార్డులూ అమ్ముతూ, ఆదివారం సాయంత్రాలు కచేరీ పెట్టే దుకాణం తెరిచాం.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. షెడ్డు ఇచ్చాడే గాని నాలుగు మాటలు అనకుండా ఇవ్వలేదు.

"ఒక ఒరలో రెండు కత్తులే ఇమడవంటారు. మీరు మూడు దూర్చేదానికి చూస్తా ఉండారు," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఇమిడేటట్టు చేస్తాం, చూస్తా ఉండు మామా," అన్నాను.

ఆ పంతంలోనే తప్పు చేశాం. మాకు మూడూ ఒకటేనని లోకానికి చాటాలని మూడింటికీ కలిపి ఒకే చెక్క వేదిక కట్టించాం. ఒక కొసన బోర్డుల మీద జారే ర్యాంపు, మధ్యలో సంగీతం వాళ్లు కూర్చునే చోటు, ఇంకో కొసన రికార్డు ప్లేయరు బల్ల. ఫోటో తీసి చుట్టాలందరికీ పంపాను కూడా.

మొదటి కచేరీకి మైలాపూరు నుంచి వయొలిన్ వాయించే ఆవిడ వచ్చింది. ఆవిడ మఠం వేసుకుని వాయిస్తుంటే, బోర్డు కొనడానికొచ్చిన ఒకతను ర్యాంపు మీంచి దూకాడు. వేదికంతా అదిరింది. కమాను తీగ మీంచి జారి కీచుమంది.

"ఏమ్మా, నా కింద చెక్క ఊగతా ఉండాది. ఈడ నేనెట్టా వాయించేది?" అని ఆవిడ లేచిపోయింది.

పరువు కాపాడుకుందామని రికార్డు వేశాను. అతను మళ్లీ దూకాడు. ముల్లు ఒక పాటలోంచి ఇంకో పాటలోకి గెంతింది. వచ్చినవాళ్లు నవ్వారు. మామ మాత్రం నవ్వలేదు. మర్నాడు గేటుకు టు-లెట్ అని రాసిన చెక్క పలక వేలాడదీశాడు.

"వచ్చే ఆదివారం వచ్చి చూస్తా. అప్పుడూ ఇట్నే అదిరితే షెడ్డు గోడౌనుకు ఇచ్చేస్తా. ఏదో ఒకటి పెట్టుకోండి, మిగతావి వదిలేయండి," అన్నాడు.

ఆ వారం ప్లేయరు కింద పెట్టని వస్తువు లేదు. స్పంజి, స్కూటర్ ట్యూబు, ఆఖరికి మా అత్తగారి తలదిండు. మా ఆయన ర్యాంపు దిగాడంటే చాలు, ముల్లు గెంతేది.

శుక్రవారం ఆయన, "పోనీ, ర్యాంపు తీసేద్దాంలే," అన్నాడు. ఆ మాట అంటూ నా మొహం చూడలేదు. ఆ వంపు కోసం ప్లైవుడ్ తడిపి, వంచి, విరిగితే మళ్లీ మొదలుపెట్టిన మనిషి. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే కోపం వచ్చింది.

"అట్లయితే ముందు నా రికార్డులు బయట పారెయ్!" అని వేదికను కాలితో ఒక్క తన్ను తన్నాను.

అవతలి కొసన తిరుగుతున్న రికార్డు మీద ముల్లు గెంతింది.

ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. మూడింటినీ కలిపి మేం కొట్టించిన మేకులే మా కొంప ముంచుతున్నాయి.

రంపం తెచ్చాం. ముచ్చటపడి కట్టించుకున్న వేదికను రెండు చోట్ల కోసి, మధ్యలో జానెడేసి సందు వదిలాం. కోస్తుంటే ప్రాణం ఉసూరుమంది, అయినా చెయ్యి ఆపలేదు. ప్లేయరును మాత్రం నేలమీద పెట్టడానికి ధైర్యం చాలక, ఒకప్పుడు లేత్ సామాన్లు ఎత్తిన ఇనుప దూలానికి ఉయ్యాల బల్లలా వేలాడదీశాం.

మైలాపూరు వెళ్లి బతిమాలితే వయొలిన్ ఆవిడ మళ్లీ వచ్చింది. ముందు అరచేత్తో చెక్కను తట్టి చూసి, ఆ తర్వాతే కూర్చుంది. ఆవిడ వాయించడం మొదలుపెట్టగానే మామ, "ఊ, దూకు అల్లుడూ," అన్నాడు.

మా ఆయన దిగాడు. చక్రాల చప్పుడు షెడ్డంతా నిండింది. ఆవిడ కమాను వణకలేదు. మూసిన కళ్లు తెరవకుండానే ఇంకాస్త వేగం పెంచింది. ఆ తర్వాత నేను రికార్డు పెట్టాను.

"మళ్లీ," అన్నాడు మామ.

మా ఆయన మళ్లీ దూకాడు. పాట పాటలాగే సాగింది.

మామ బయటికి నడిచాడు. గేటు దగ్గర ఏదో చప్పుడైంది. తిరిగొచ్చినప్పుడు మామ చంకలో టు-లెట్ పలక ఉంది. దాన్ని మా ఆయన చేతిలో పెట్టాడు.

"మంచి టేకు. దీనికి చక్రాలు బిగించు," అన్నాడు.