మా అత్తగారు తొక్కిన గీత

పోయిన మంగళవారం మధ్యాహ్నం ఆస్ట్రేలియాలో, టూవూంబాలోని మా ఇంట్లోనే, భోంచేసి కాసేపు నడుం వాల్చిన మా అత్తగారు ఇక లేవలేదు. నేను ఆసుపత్రి డ్యూటీలో ఉండగా మా ఆవిడ ఫోన్ చేసింది. అబద్ధం ఎందుకు, దుఃఖంతో పాటు ఊరట కూడా కలిగింది. బాధపడకుండా వెళ్లారని మాత్రమే కాదు. కిందటేడు సిడ్నీ ప్రయాణాన్ని నేను వాయిదా వెయ్యలేదు, అందుకు.

ఆవిడ బాస్కెట్‌బాల్ ఆడేవారు. తోటి ఆడపిల్లలు ఓణీల్లో కాలేజీకి వచ్చే రోజుల్లో మోకాళ్లదాకా సాక్సులు లాక్కుని మట్టి కోర్టులో దిగారు. కాలేజీ జట్టు, తర్వాత యూనివర్సిటీ జట్టు, ఆ ఆటతోనే మహిళా కళాశాలలో ఆటలు నేర్పే పీడీ ఉద్యోగం. ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా సాయంత్రాలు టౌన్ క్లబ్బు తరఫున ఆడేవారు. మామగారు పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కోర్టు పక్కన కూర్చునేవారట.

ఇక్కడ మా ఇంట్లో పెరుగు గిన్నె ఎవరి ముందైనా ఆగిపోతే "పాస్!" అని అరిచేవారు. స్కూలు జట్టులో ఆడే మా అమ్మాయికి, "బంతిని కాదే, మనిషిని చూడు" అని చెప్పేవారు. "ఓకే అమ్మమ్మా, ఐ నో" అనేది అది.

కాలేజీల మధ్య పోటీలో ఫైనల్ గెలిచిన రోజు తీసిన ఫోటోని మాత్రం గోడకి తగిలించనిచ్చేవారు కాదు. "ముఖాలు మాసిపోయాయిలే" అనేవారు. ముఖాలు శుభ్రంగానే కనిపించేవి.

కిందటేడు ఒక పొద్దున నన్నొక్కణ్ణే పిలిచారు.

"బాబూ, నన్నోసారి సిడ్నీలో ఆ హారిస్ పార్క్‌కి తీసుకెళ్తారా? ఆ ఫైనల్లో అవతలి జట్టు కెప్టెన్ అక్కడ కొడుకు దగ్గరుందట. వాట్సాప్‌లో తెలిసింది."

"ఫోన్ చెయ్యొచ్చుగా అత్తయ్యా?"

"ఫోన్లో చెప్పేది కాదు. ఆఖరి నిమిషంలో బంతి చేతిలో ఉండగా నేను హద్దు గీత తొక్కాను. బంతి వాళ్లకి పోవాలి. రిఫరీ చూళ్లేదు. ఆ బంతితోనే బాస్కెట్ వేశాను, ఒక్క పాయింటుతో గెలిచాం. బూటుకి అంటిన సున్నం చేత్తో తుడిచేశాను. ఆ ఆట చూసే నన్ను యూనివర్సిటీ జట్టుకి తీసుకున్నారు. మా అమ్మాయికి చెప్పకండి."

ఎనభై దాటిన మనిషి, నేల చూస్తూ చెప్పారు. డ్యూటీ రోస్టర్ కుదరదు, వచ్చే నెల వెళదామని అనబోయాను. ఆ ముఖం చూశాక ఆ వారాంతానికే టికెట్లు కొన్నాను.

ఆ కెప్టెన్ ఆంటీ కాఫీ ఇచ్చారు. అత్తగారు కప్పు ముట్టుకోకుండా మొత్తం చెప్పేశారు. ఆంటీ చల్లారిపోయిన ఆ కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్లారు. అనవసరంగా తీసుకొచ్చానా అని నాకు భయం వేసింది.

"నువ్వు తొక్కడం నేను చూశానే. పక్కనే ఉన్నాగా" అన్నారు తిరిగొచ్చి.

"మరి చెప్పలేదేం?"

"అంతకు ముందే నీ జడ పట్టుకుని లాగాను. అదీ రిఫరీ చూళ్లేదు. నేను నోరు విప్పితే నువ్వూ విప్పుతావని ఊరుకున్నా."

"నా జడ లాగింది నువ్వా! ఎవరి చెయ్యో తగిలిందనుకున్నానే ఇన్నేళ్లూ!"

అత్తగారు నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేక కళ్లు తుడుచుకున్నారు. అంత గట్టిగా నవ్వగలరని నాకు అప్పటిదాకా తెలియదు. తిరిగొచ్చాక తనే అందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పుకున్నారు, కనుక ఇక్కడ రాస్తే ఏమీ అనుకోరు.

ఆవిడని తలుచుకుంటే నాకు సిడ్నీలోని ఆ మధ్యాహ్నమే కళ్ల ముందుకొస్తుంది. స్వీట్ షాపుకి వెళదామని ముగ్గురం బయల్దేరాం. నేను ముందు రోడ్డు దాటి వెనక్కి చూశాను. ఇద్దరూ నడిరోడ్డు మీద ఆగిపోయి, మణికట్టు ఎలా వంచాలో వాదించుకుంటూ, చేతులెత్తి లేని బంతిని గాల్లోకి వేస్తున్నారు. బస్సు డ్రైవరు హారన్ కొట్టకుండా, స్టీరింగ్ మీద మోచేతులు ఆనించి వాళ్లనే చూస్తున్నాడు.