నడిచే ఆసుపత్రి

డ్రైవరమ్మ ప్రతి ఉదయం బండి ముందుభాగాన తిరగేసి రాసిన ‘అంబులెన్స్’ అక్షరాలను తడిగుడ్డతో తుడుస్తుంది. సైన్యం వెంట నడిచే ఆసుపత్రికి ఫ్రెంచివారు పెట్టిన పేరది. యుద్ధాల వెంట సరిహద్దులు దాటి ఎన్నో భాషల్లో స్థిరపడింది. ఆ మాట వింటే ఎవరైనా దారి ఇస్తారని ఆమె నమ్మకం.

నిన్న ఊపిరందని ముసలాయనను తీసుకెళ్తుంటే, ఆసుపత్రి ఎదుటి కూడలిలో పోలీసు ఆపాడు.

“మంత్రిగారు వెళ్లేదాకా ఏ బండీ కదలకూడదు.”

“అంబులెన్సయ్యా! ఏ దేశంలో అరిచినా తప్పుకుంటారు.”

“ఇక్కడ కుదరదమ్మా.”

ఆమె ఇంజను ఆపి, వెనక ముసలాయన పక్కన సాయంగా కూర్చున్న మరిదిని పిలిచింది. “స్ట్రెచర్ దించు మరిదీ, నడిచిపోదాం.”

“ఏయ్, ఎక్కడికి?”

“బండి కదల్లేదుగా! చేతనైతే మమ్మల్ని ఆపు.”

ఆక్సిజన్ సిలిండరును చంటిబిడ్డలా చంకనెత్తుకుని, మరిది తోస్తున్న చక్రాల స్ట్రెచర్‌కు ముందు నడుస్తూ ఆమె నడిరోడ్డు మీదికి వెళ్లింది. మంత్రిగారి మొదటి కారు కీచుమంటూ ఆగింది.