డీలోస్ నీళ్లలో ఒక పేరు

గ్రీసులోని డీలోస్ చాలా చిన్న ద్వీపం. పవిత్రమైన నేల కనుక పూర్వం అక్కడ ఎవరూ పుట్టకూడదు, చావకూడదు. పాత సమాధులు సైతం తవ్వి, ఎముకలను ఎదురు ద్వీపానికి చేర్చారట. విరిగిన పాలరాతి స్తంభాల మధ్య కాపలా ఉండే ఆవిడ ఈ సంగతి చెబితే, నేను అమ్మకు తెలుగులో చెప్పాను.

నాన్న పోయి ఆ రోజుకు సరిగ్గా ఏడాది. టికెట్లు కొన్నప్పుడు ఆ తారీఖు నాకు తట్టలేదు. వరంగల్‌లో ఉంటే సమాధి మీద పూలు పెట్టేదాన్నని, అమ్మ పొద్దుటి నుంచి నాతో పలకలేదు. ఇప్పుడు నోరు విప్పింది.

"మరి సమాధుల పండుగకు పూలెట్ల పెట్టిండ్రు బిడ్డా? పడవల పోయిండ్రా?"

ఏటా మా చర్చివాళ్లు సమాధులకు పూలు పెట్టే రోజది అని వివరిస్తూ, అమ్మ ప్రశ్నను కాపలా ఆవిడకు ఇంగ్లీషులో చెప్పాను. ఇన్నేళ్లలో ఈ మాట ఎవరూ అడగలేదంది ఆవిడ. రాళ్ల సందులోంచి పసుపు పువ్వొకటి తుంచి అమ్మ చేతిలో పెట్టింది.

మా తిరుగు పడవ కదిలింది. ఎండకు సముద్రమంతా వెండిలా కరిగి ఉంది. అమ్మ పువ్వును నీళ్ల మీదకు చాపి ఆగిపోయింది.

"పేరు చెప్పకుంట పువ్వెట్ల పెడ్తం? వాళ్ల పేర్లేంది?"

"ఎవరికీ తెల్వదమ్మా. ఎప్పటోళ్లో."

నలభై ఏళ్ల కాపురంలో అమ్మ నాన్నను 'మీ నాయిన' అనే అంది. భర్త పేరు నోట పలకకూడదని ఆమె పట్టింపు.

అమ్మ పడవ అంచు మీదుగా కిందికి వంగింది. తర్వాత పువ్వు వదులుతూ, మెల్లగా, "దావీదు" అంది.