రెండు కాగితాలు, ఒకే డబ్బా

1952. పోలీసు చర్య జరిగి మూడున్నరేళ్లయింది. హైదరాబాద్ రాష్ట్రంలో మొదటిసారి అందరికీ ఓటు వచ్చింది. నేను సికింద్రాబాద్ కలప డిపోలో దుంగల కొలతలు లెక్కగట్టేవాణ్ణి. చదివింది నాలుగో తరగతి, లెక్కలు సొంతంగా నేర్చుకున్నవి. ఆ లెక్కల కోసమే శామ్యూల్ మాస్టారు నన్ను కౌంటింగ్ ఏజెంటుగా, అంటే ఓట్లు లెక్కించే చోట అభ్యర్థి తరఫున కూర్చునే మనిషిగా పెట్టుకున్నారు. ఆయన బడి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి అసెంబ్లీకి నిలబడ్డారు.

అదే పార్టీ నుంచి పార్లమెంటుకు ఒక వకీలు సాబు. రెజిమెంటల్ బజార్ పేటలో ఆయన మాటకు ఎదురులేదు. "వకీలు గాలికి మాస్టారు సుత ఒడ్డెక్కుతడు" అని అందరి ధీమా. చేసి చూడనిదే నేను ఏ లెక్కా నమ్మను.

అప్పట్లో కాగితం మీద ముద్ర వేసేది లేదు. అభ్యర్థికో డబ్బా, దానిమీద పార్టీ గుర్తు. ఓటరుకు పార్లమెంటుకొక రంగు కాగితం, అసెంబ్లీకొక రంగు కాగితం. ఏది దాని డబ్బాలోనే పడాలి. మారితే రిజెక్ట్, చెల్లదు.

పక్క బస్తీ మెట్టుగూడలో కిరసనాయిలు డబ్బాలకు గుర్తులంటించాను. పతంగుల కాగితం రెండు రంగుల్లో కత్తిరించి ఇరవైమంది ఆడవాళ్ల చేత ఓట్లలాగా వేయించాను. తొమ్మిదిమంది రెండూ వకీలు డబ్బాలోనే వేశారు.

"మల్లమ్మక్కా, రెండోది మాస్టారు డబ్బాల గద?"

"రెండిటి మీద ఒకటే గుర్తాయె. వకీలు సాబుకు ఒకటిచ్చి ఒకటి దాసుకుంటనా? గంత పిసినారినా నేను?"

నేరుగా వకీలు ఇంటికి వెళ్లాను. "ఓట్లకు పది రోజులే ఉన్నయి సాబ్. సభల్ల 'నా డబ్బాల వెయ్యిండ్రి' అనకుండ్రి. 'ఒకటి నాకు, ఒకటి మాస్టారుకు' అనుండ్రి."

ఆయన నవ్వారు. "మెట్టుగూడల నువ్వు నేర్పుకో. బజార్ల నా పేరు చాలు. ఊకె పరేషాన్ గాకు."

పదిరోజులూ మెట్టుగూడలో గడపగడపకూ డబ్బాలు మోశాం. మాస్టారు చేతుల్లో రెండు, నా నెత్తిన రెండు. బజారు మాత్రం వదిలేశాను. అది ఆయన ఇలాకా, కాదని వెళ్తే మర్యాద కాదనుకున్నాను. తప్పు నాదే.

కౌంటింగ్ రోజు మెట్టుగూడ నుంచి వచ్చిన వకీలు డబ్బాల్లో తప్పు రంగు కాగితాలు వేళ్ల మీద లెక్కకొచ్చాయి. బజారు డబ్బాలు తెరిస్తే కట్టలు కట్టాల్సి వచ్చింది. వకీలు గెలిచారు. మాస్టారు తొంభై ఆరు ఓట్లతో ఓడారు. బజారులో వకీలు డబ్బాల్లో పడి చెల్లకుండా పోయిన అసెంబ్లీ కాగితాలు నూట నలభై మూడు.

ఆ రెండు అంకెలు రాసి మాస్టారు చేతిలో పెట్టాను. ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఆ డబ్బాలు పారేయకు నాయనా. మళ్లీ నిలబడతాను. ఈసారి బజారు నుంచి మొదలుపెడదాం."

పెద్ద పేరు జనాన్ని పోలింగ్ బూత్ దాకా తెస్తుంది. పక్కవాడి డబ్బా దాకా తీసుకెళ్లదు. ఆ తర్వాత ఎన్ని ఎన్నికల్లో పనిచేసినా, "ఇక్కడ నా పేరు చాలు" అని ఎవరైనా అంటే, నా డబ్బాలు ముందు ఆ వీధికే మోశాను.