పేపరు చదివే బావగారు

ఈ ఉదయం పేపరు వెబ్‌సైటు తెరిచి, తెర మీద వేలు జరుపుకుంటూ వింటుంటే, వర్ధంతి ప్రకటనల దగ్గర ఫోను "ఫొటో. తెల్లచొక్కాలో నవ్వుతున్న పెద్దాయన, ఎడమ బుగ్గ మీద సొట్ట" అని చదివి, కింద మా బావగారి పేరు చెప్పింది. పుట్టుకతో చూపు లేని నాకు, అన్నేళ్లు పక్కన కూర్చున్న మనిషికి బుగ్గ సొట్ట ఉందని ఇవాళే తెలిసింది.

బావగారంటే మా ఆవిడ అన్నయ్య. నేను అమలాపురంలో ఒక ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరుగా చేరి, కాపురం పెట్టిన కొత్తలో ఆయన మా వీధిలోనే ఉండేవారు. రోజూ పొద్దున్నే పేపరు చంకన పెట్టుకుని వచ్చి, మా అరుగు మీద కూర్చుని నాకోసం పైకి చదివేవారు. చదవడమంటే ఉన్నదున్నట్టు కాదు. గోదావరికి వరదొస్తోందంటే ఏటి మధ్య లంకల్లో ఉన్న చుట్టాలందరినీ ఒకసారి తలుచుకుని, నాయకుల ఉపన్యాసాల మధ్య తన జవాబులు కలిపేసేవారు. ఏది పేపరు మాటో, ఏది ఆయన మాటో గొంతును బట్టి పోల్చుకునేవాణ్ణి. మా ఆవిడ పోయాక కూడా ఆయన రావడం మానలేదు.

తరవాత తెర మీదున్నది పైకి చదివి వినిపించే ఫోన్లు వచ్చాయి. నా ఈడువాళ్లకి గుర్తుండే ఉంటుంది, అదో వింత. కాని పేపరు సైటు తెరిస్తే "బొమ్మ, బటన్, బటన్" అనడమే తప్ప ఒక్క వార్తా చదివేది కాదు. వార్తలన్నీ ఫొటోలుగా పెట్టారట, ఏ బటన్ దేనికో పేరు రాయలేదట. ఆ సంగతి కనిపెట్టింది బావగారి అమ్మాయి. ఆ సైటు తయారుచేసేవాళ్ల దగ్గరే ఆ పిల్ల ఉద్యోగం. "ఎక్కడ ఆగిపోతోందో చెప్పండి మావయ్యా" అని నన్ను అడిగి అడిగి, వార్తలు అక్షరాల్లోకి మార్పించి, బటన్లకు పేర్లూ ఫొటోలకు వర్ణనలూ రాయించింది.

పేపరు నా అంతట నేను చదువుకున్న మొదటి రోజు ఒళ్లు పులకరించింది. చూపులేనివాళ్లు పడే అవస్థల గురించి అందులో ఒక వార్త ఉంది. అలాంటిది బావగారి నోట ఏనాడూ వినలేదు. ఇన్నేళ్లూ వాటిని దాటేస్తూ వచ్చారన్నమాట.

ఆయన రాగానే నేనే చదువుకున్నానని చెప్పాను. చంకలో పేపరు తీసి అరుగు మీద పెట్టిన చప్పుడైంది.

"ఆయ్, చాలా మంచిదండి. ఇంక నాకు పనిలేదన్నమాట."

"ఫోనుకి నాయకుల్ని తిట్టడం రాదండి బావగారూ. మీరు రావాల్సిందే" అన్నాను.

గట్టిగా నవ్వేశారు. వస్తూనే ఉన్నారు. కొన్నాళ్లకి ఆయన చూపూ మందగించింది. "అక్షరాలు అలుక్కుపోతున్నాయండి" అంటూ ఓ రోజు పేపరు మడిచేశారు. అప్పటినుంచి ఫోను మా ఇద్దరి మధ్యా పెట్టుకున్నాం. అది చదివేది, ఆయన అడ్డం పడేవారు, నేను దాన్ని ఆపేవాణ్ణి. ఒక్క వార్త పూర్తయ్యేసరికి కాఫీ చల్లారిపోయేది.

ఇప్పుడు అడ్డుపడేవాళ్లు లేక, ఎండ అరుగెక్కకముందే పేపరంతా అయిపోతోంది. ఎవరి మీదా ఆధారపడకూడదని కోరుకున్నాను, అది తీరింది, తీరినందుకు చింత లేదు. కాని ఆ రోజుల్లో వార్త ఒక మనిషిని వెంటబెట్టుకుని ఇంటికొచ్చేది. ఇప్పుడు ఒంటరిగా వస్తోంది. విన్నదాని మీద ఏదో అనాలని మాట నోటిదాకా వస్తుంది. ఒక్కోసారి అనేస్తాను కూడా. కాసేపు అలాగే కూర్చుని, లేచి లోపలికి వెళ్తాను.