స్విచ్చులక్కయ్య విమానమెక్కిన రోజు

మా వీధిలో అందరూ ఆవిడను స్విచ్చులక్కయ్య అంటారు. ఎవరింటికి వెళ్ళినా కూర్చునే ముందు ఆవిడ కళ్ళు గోడలన్నీ వెతుకుతాయి. మనుషుల్లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే ఆవిడకు మంచినీళ్ళు కూడా గొంతు దిగవు. తమ్ముడి స్కూటరు వెనక కూర్చుని వస్తూ, ఇల్లు కనిపించగానే ముందుకు వంగి ఇంజను ఆపేసి, తాళంచెవి తీసి చేతిసంచిలో పడేసుకుంటుంది. ఆ తమ్ముడు చిన్న విమానాలు నడుపుతాడు. మొన్న అక్కను పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా పైనుంచి చూపించి, దిగడానికి విమానాన్ని రన్‌వే వైపు తిప్పాడు. రన్‌వే కనబడేసరికి ఆవిడ చెయ్యి ఊరుకోలేదు. ఇంజను ఠక్కున ఆగిపోయింది.

"అక్కా, తాళంచెవేది?"

"సంచిలో వేశాను. వచ్చేశాంగా, ఇంకా దేనికీ?"

"రాలేదు తల్లీ, ఇంకా గాల్లోనే ఉన్నాం. తొందరగా ఇయ్యి."

ఆవిడ దువ్వెన తీసింది, కళ్ళజోడు పెట్టె తీసింది, చివరికి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టింది. అది స్కూటరుది. అతను దాన్ని పళ్ళ మధ్య కరిచిపట్టుకుని, విమానాన్ని కంచె మీదుగా జార్చుకుంటూ తెచ్చి రన్‌వే అంచున దించాడు. విమానం ఆగాక కూడా అతని గుప్పిళ్ళు స్టీరింగును వదల్లేదు. ఆవిడ ఒక్కొక్క వేలే మెల్లగా విడదీస్తూ, "ఇప్పుడు వచ్చేసినట్టేనా నాన్నా?" అని అడిగింది.