సారెతో వెళ్ళిన నవల

మా అమ్మాయి సారెలో లడ్డూల డబ్బాలతోపాటు నా నవల కూడా వెళ్ళిందని తెలిసిన రోజున నేను వంటింట్లో పీట మీద కూలబడిపోయాను. వెళ్ళడమంటే ఏదో వియ్యాలవారికి ఒక కాపీ వెళ్ళడం కాదు. మలికిపురంలో వాళ్ళుండే వీధి వీధంతటికీ, ఇంటికొకటి చొప్పున వెళ్ళింది.

ఈ ఘనకార్యం చేసింది మా ఆయన. ఆయనది కొబ్బరికాయల వ్యాపారం. సరుకు కదలకుండా ఇంట్లో ఉంటే ఆయనకి ముద్ద దిగదు. నా నవల అచ్చై వచ్చి, కొనే నాథుడు లేక, కట్టలు కట్టలుగా అటకెక్కి కూర్చుంటే రోజూ దానికేసి చూసి నిట్టూర్చేవారు. మా వైపు కొత్త కోడలు కాపురానికి వెళ్ళేటప్పుడు పుట్టింటివాళ్ళు లడ్డూలూ కాజాలూ సున్నుండలూ జంతికలూ బుట్టలకెత్తి పంపుతారు. అత్తవారు వాటిని ఇంటింటికీ పంచుతారు. తిన్నవాళ్ళు ఊరికే తినరు. లడ్డూలో జీడిపప్పు దగ్గర్నుంచి జంతికలో వాము దాకా తీర్పు చెప్పితీరతారు. పిల్ల పుట్టింటి పరువంతా ఆ తీర్పులోనే ఉంటుంది. ఈ మహానుభావుడు ఆ డబ్బాల మీద తలో పుస్తకం పెట్టి తాడు కట్టించారు.

"అటక మీద చెదలు తినేకన్నా మనుషులు చదివితే నష్టవేంటే? రైటరమ్మ కూతురని పిల్లకి గౌరవం కూడానూ" అన్నారు.

గౌరవమట, గౌరవం! అదేమైనా భక్తి పుస్తకమా? నవ్వించే ప్రేమకథ. దుబాయి నుంచి సెలవుకొచ్చిన కుర్రాడు పెళ్ళిచూపులకి బయల్దేరి, ఇల్లు తప్పి పక్కింట్లో దూరతాడు. ఎవరు మీరని అడగడం మర్యాద కాదని ఆ ఇంటివాళ్ళు అడక్కుండా కడుపునిండా భోజనం పెట్టేస్తారు. చెప్పకుండా లేచిపోవడం మర్యాద కాదని వాడూ తినేస్తాడు. వడ్డించిన పిల్లతో ప్రేమలో పడతాడు. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ కుర్రాడి తల్లితో. వచ్చినవాళ్ళకి "ఇంకో గారె వేసుకోండి, నా మీద ఒట్టే" అని కొసరి కొసరి వడ్డిస్తుంది. వాళ్ళు గేటు దాటారో లేదో, ఎన్ని గారెలు తిన్నారో వీధంతా చెప్పివస్తుంది. నవలకి ఆవిడే ప్రాణం. ఆవిణ్ణి ఎక్కణ్ణుంచో తేలేదు నేను. అందులో మా అమ్మ ఉంది, మా మేనత్త ఉంది, కాస్త నేనూ ఉన్నాను. మా అమ్మాయికి ఈ సంబంధం రాకముందే పుస్తకం అచ్చైపోయింది. వియ్యపురాలి మొహం అప్పటికి నేనెరగను.

పాఠకుల అభిప్రాయాల కోసం మొహం వాచిపోయి పుస్తకం వెనక నా ఫోను నంబరు వేయించుకున్నాను. అప్పటిదాకా చుట్టాలు తప్ప ఎవరూ చెయ్యలేదు. మా అమ్మాయైతే చదివి "బావుందమ్మా" అని ఒక్క ముక్క అని ఊరుకుంది. సారె పంచాక ఫోను మోగడం మొదలైంది.

"సారె అందిందండీ, ఆయ్. కాజాలో పాకం కాస్త ముదిరింది గానండీ, నవల మాత్రం బావుందండీ" అందొకావిడ.

ఆ వీధిలోనే ఉండే రిటైరైన మాస్టారు ఇంకోలా అన్నారు. "ప్రేమ తక్కువా తిండి ఎక్కువా అయిందండీ. హీరో ఆ పిల్ల చెయ్యి పట్టుకునే టయానికల్లా ఎవరో ఒకరు టిఫిను పట్టుకొచ్చేస్తారేంటండీ?"

నవ్వొచ్చింది. లోపల కాస్త ఉబ్బాను కూడా. ఆ ఉబ్బు మర్నాటికల్లా దిగిపోయింది.

"అత్తగారిని మాత్రం అచ్చుగుద్దినట్టు దించేసేరండీ! పెళ్ళి హడావిడిలో అంత ఇదిగా ఎప్పుడు గమనించేరండీ బాబూ?" అందొక పాఠకురాలు.

"ఎవర్నండీ?"

"ఇంకెవర్నండీ, మీ వియ్యపురాలిగార్నే! ఇళ్ళల్లో అందరం పడీపడీ నవ్వుకుంటున్నావండీ. ఆవిడతో అనలేం కదండీ, మర్యాదగా ఉండదు."

ఫోను పెట్టేశాను. అల్లుడు సెలవైపోయి ఖతారు వెళ్ళిపోయాడు. వీసా వచ్చేదాకా మా పిల్ల ఆ ఇంట్లో అత్తగారితో ఒక్కర్తీ ఉండాలి. పెళ్ళి తోరణాలు ఇంకా వాడనేలేదు. కూతురి కాపురంలో నిప్పులు పోయడానికి శత్రువులు అక్కర్లేదు, రాసే తల్లి ఉంటే చాలు అనుకుని నన్ను నేను తిట్టుకున్నాను. మా ఆయన్ని అంతకన్నా ఎక్కువ తిట్టాను.

అమ్మాయికి ఫోను చేస్తే గొంతు తగ్గించి మాట్లాడింది. "అత్తయ్యగారు చదువుతున్నారమ్మా."

"ఎంతవరకు వచ్చేరే?"

"గారెల దగ్గరికి."

"నవ్వుతున్నారా?"

"లేదమ్మా. పెన్సిలు పెట్టి గీతలు గీస్తన్నారు."

ఇంకేం నిద్ర! మర్నాడు పొద్దున్నే అమలాపురంలో బస్సు మారి మలికిపురంలో దిగాను. దారి పొడుగునా ఏం చెప్పాలా అని కూడబలుక్కుంటూనే ఉన్నాను. ఆ వీధిలో అడుగు పెట్టగానే అరుగుల మీది ఆడవాళ్ళు నన్ను చూసి కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

వియ్యపురాలు ఎదురొచ్చి "రండి ఒదినగారూ" అన్నారు. నవ్వలేదు. కాళ్ళకి నీళ్ళిచ్చారు. ప్లేటులో రెండు గారెలూ అల్లప్పచ్చడీ పెట్టారు. తిన్నాను. చెయ్యి ప్లేటులోనే ఉంచుకుని కూర్చున్నాను. ఇంకోటి వేసుకోమనలేదు. మా కోనసీమలో ఇంటికొచ్చిన మనిషిని ఇంకోటి వేసుకోమనలేదంటే మెడ పట్టి గెంటినట్టే.

"ఒదినగారూ, మీ మీద ఒట్టండీ, మిమ్మల్ని చూసి రాయలేదండీ. ఈ సంబంధం రాకముందే..."

"తెలుసండీ. అచ్చేసిన ఏడు ముందు పేజీలోనే ఉంది కదా, చూసేను. అదేనండీ నా బాధ." ఆవిడ పెన్సిలు గీతల పుస్తకం తీసి నా ముందు పెట్టారు. "మీరు నన్ను చూసి రాసుంటే తిట్టుకుని ఊరుకుందును. మీకు నేనెవరో తెలీదు. అరుగుల మీద ఆ నవ్వులు నాకు వినపడవాండీ? మరి చదివిన ప్రతీవాళ్ళకీ నేనే ఎందుకు గుర్తొచ్చేనండీ?"

పాఠకుల అభిప్రాయం అంటే నా గురించి చెప్పేదనుకున్నాను ఇన్నాళ్ళూ.

"ఈ వీధిలోకి కోడలిగా వచ్చిన కాణ్ణుంచీ అందరికీ పెడతానే ఉన్నానండీ. ఎదురుగా ఉన్నంతసేపూ మీ చెయ్యే చెయ్యండీ అంటారు. నువ్విలాంటిదానివని ఒక్కరూ మొహం మీద అనలేదు. పోనీ మీరు చెప్పండి. నేనలాగే ఉంటానాండీ?"

"అబ్బెబ్బే, అదేం మాటండీ! మీరు సాక్షాత్తూ అన్నపూర్ణ..." నేనింకా మొదలెడుతున్నాను.

"ఆయ్, అలాగే ఉంటారండీ అత్తయ్యగారూ."

వంటింటి గుమ్మంలో మా అమ్మాయి, చేతిలో చిల్లుల గరిటెతో! నా పై ప్రాణాలు పైనే పోయాయి. దీనికి మతిపోయిందా? నేను కళ్ళెర్రజేశాను. అది చూడనే లేదు.

"గ్యాసుబండ తెచ్చినాయన నాలుగిడ్లీలు తిన్నాడని నిన్న పక్కింటి పిన్నిగారితో అనలేదాండీ మీరు?"

"మూడన్నానే!"

"నాలుగన్నారండీ. నేను పెట్టింది రెండు."

ఆవిడ కోడలికేసి అలా చూస్తూనే ఉన్నారు. అయిపోయింది, పిల్లని వెంటబెట్టుకుని పోవడమే అనుకున్నాను. అంతలో ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకుని లేవబోయాను. నవ్వుతున్నారు! నవ్వీ నవ్వీ దగ్గొచ్చి, కోడలు మంచినీళ్ళిస్తే తాగి, కొంగుతో కళ్ళొత్తుకున్నారు.

"ఈ వీధిలో నాతో నిజం చెప్పింది ఇదొక్కత్తేనండీ" అన్నారు నాతో. తర్వాత దానికేసి తిరిగి, "ఏవమ్మాయ్, మరి మీ అమ్మగారి నవలెలా ఉంది?" అని అడిగారు.

"మొదట్లో బానే ఉందండీ. పెళ్ళయ్యేక సాగదీసేసింది. ఆ హీరో అయితే ఒట్టి ముద్దపప్పండీ."

నోరెళ్ళబెట్టాను. "నాతో బావుందన్నావు కదే!"

"నీ మొహం చూస్తే చెప్పబుద్ధెయ్యలేదమ్మా" అంది, ఎంతో జాలిగా.

కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. కన్నతల్లికి మర్యాద, అత్తగారికి నిజం! ఎన్నాళ్ళయిందని ఆ ఇంటికెళ్ళి? దానికేమవుతుందోనని నేను బస్సులో వణుక్కుంటూ వస్తే, అది ఆ ఇంటి మనిషైపోయి కూర్చుంది.

వియ్యపురాలు వేడి గారెల పళ్ళెం తెప్పించారు. "వేసుకోండి ఒదినగారూ. నా మీద ఒట్టే. ఎవరికీ చెప్పన్లెండి."

వేసుకున్నాను. ఇంకోటీ వేసుకున్నాను. తలెత్తి చూస్తే, అత్తగారి కుర్చీ వెనకాల నించుని మా అమ్మాయి లెక్కపెడుతోంది.